వంక పక్కన కనిపించే నీలి పిట్టకి నూకలు వెయ్యొచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న రాత్రే చదివా, రెండు ముక్కల్లో తేల్చేసేది కాదని పొద్దున్నే టీ తాగి తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. మిగతావాళ్ళకి అర్థం కావాలి కాబట్టి నువ్వు అడిగింది ఒకసారి చెప్పేస్తా. తిరుపతి దగ్గర, భాకరాపేట దాటి తలకోన పోయే దారిలో మీకు 4 ఎకరాల మామిడి తోపు ఉంది, తోపు దిగువన వంక పారతా ఉంది, ఆ గట్టు మీద చెట్ల నీడలో పిచ్చుకంత పిట్ట ఒకటి, వీపు నీలం, రొమ్ము నారింజ రంగు, నెల రోజులుగా దాదాపు ఒకే చోట కనిపిస్తా ఉంది. నూకలు వేశావు, కొర్రలు వేశావు, ముట్టలేదు. పక్కనే పాడుబడిన బావి రాతిగోడ సందులో దాని గూడు ఉందని మీ పిల్లోడు కనిపెట్టి వేలు పెట్టి చూశాడు, ఇంక తల్లి రాదని మీ అమ్మ గొడవ. వచ్చే వారం పండు ఈగకి మందు కొట్టాలి, అది అయిపోయినాక గట్టు మీద పొదలన్నీ జేసీబీ పెట్టి తీయించేసి చదును చేయించాలని మీ నాయిన అంటున్నాడు. పిట్ట పేరేంది, దాన్ని తోపులోనే నిలుపుకోవాలంటే ఏం పెట్టాలి అని అడిగావు.

అసలు సంగతి ముందే చెప్పేస్తా. దానికి నువ్వు పెట్టాల్సింది ఏమీ లేదు, తీయకుండా ఉండాల్సింది ఉంది. ఆ జేసీబీని ఆపు. మిగతాదంతా ఎందుకో చెప్పడానికే రాస్తున్నా.

ముందు పేరు. నువ్వు పెట్టిన ఫోటో మసగ్గా ఉంది కానీ కూర్చున్న తీరు చూస్తేనే నాకు తెలిసిపోయింది. అది టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్. టికెల్ అంటే ఆ కాలంలో మన దేశంలో ఉద్యోగం చేసిన ఒక బ్రిటిష్ సైనికాధికారి, పిట్టల మీద పిచ్చి ఉన్నోడు, ఆయన పేరు మీద 1843లో కలకత్తా మ్యూజియం చూసుకునే ఎడ్వర్డ్ బ్లైత్ అనే ఆయన ఈ పిట్టకి పేరు పెట్టాడు. మనోళ్ళు నీలంగా కనిపించిన దాన్నంతా నీలి పిట్ట అనేస్తారు, అందుకే గందరగోళం. కింద కామెంట్లలో ఒకాయన పాలపిట్ట పిల్ల అన్నాడు, అది కాదు, పాలపిట్ట పిల్ల అయినా దీనికి రెండింతలు ఉంటుంది, అది కరెంటు తీగ మీద ఎండలో కూర్చునే రకం. ఇంకొకాయన లకుముకి అన్నాడు, ఆ పొరపాటు చాలామందికి అవుతుంది, తప్పులేదు, ఎందుకంటే లకుముకికి కూడా పైన నీలం కింద నారింజ, అది కూడా నీళ్ళ పక్కనే. ముక్కు చూడండి. లకుముకికి తలకన్నా పొడుగు ముక్కు, బాకు మాదిరి. నీ పిట్టకి బియ్యపు గింజంత చిన్న నల్ల ముక్కు. లకుముకి నీళ్ళలోకి ధబీమని దూకుతుంది, ఇది గాల్లోకి ఒక్క ఎగురు ఎగిరి టప్పున తిరిగొచ్చి కూర్చుంటుంది.

ఇంకో రెండు మూడు పిట్టలతో కూడా తికమక పడతాం. చలికాలంలో హిమాలయాల వైపు నుంచి దిగొచ్చే బ్లూ త్రోటెడ్ ఫ్లైక్యాచర్ అని ఒకటుంది, అచ్చం దీని అన్న మాదిరే ఉంటుంది, కాకపోతే దాని గొంతు ముదురు నీలం, నారింజ రంగు రొమ్ము దగ్గర మొదలవుతుంది. దీనికి గొంతు నుంచే నారింజ, పొట్ట దగ్గరికి వచ్చేసరికి తెలుపు. నువ్వు చూసింది జూన్‌లో కాబట్టి ఆ అనుమానమే వద్దు, వలస పిట్టలు అప్పటికి వెళ్ళిపోయి ఉంటాయి, టికెల్స్ మాత్రం ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటుంది, గూడూ ఇక్కడే. బ్లాక్ నేప్డ్ మొనార్క్ అనేది కూడా మన కోనల్లో ఉంది, మగది తల నుంచి రొమ్ము దాకా మొత్తం నీలం, మెడ వెనక నల్ల మచ్చ, గొంతు కింద సన్నటి నల్ల గీత, నారింజ అనేదే ఉండదు. ఆడ టికెల్స్ మగదాని కన్నా వెలిసిపోయినట్టు ఉంటుంది, అదే రంగులు నీళ్ళు కలిపి పూసినట్టు. నువ్వు ఒకటే పిట్ట అనుకుంటున్నావు, గూడు ఉందంటే రెండు ఉంటాయి, ఈసారి బాగా చూడు.

గొంతు గుర్తుపెట్టుకుంటే కంటికన్నా ముందు చెవికే దొరుకుతుంది. సన్నగా, ఇత్తడి గజ్జెలు కదిపినట్టు, ఒక ఆరేడు స్వరాలు గబగబా కిందికి దిగి మళ్ళీ కొంచెం పైకెక్కి ఆగిపోతుంది, కాసేపు ఊరుకుని మళ్ళీ అదే. మనం గూడు దగ్గరికి పోతే పాట ఆపేసి టిక్ టిక్ టిక్ అని కత్తెర ఆడించినట్టు చప్పుడు చేస్తుంది, అది విన్నావంటే నువ్వు జాస్తి దగ్గరికి పోయావని, రెండడుగులు వెనక్కి రా. ఫోన్‌లో మెర్లిన్ యాప్ వేసుకో, గొంతు వినిపిస్తే పేరు చెప్తుంది, కాకపోతే అది చెప్పిందే వేదం అనుకోవద్దు, పిట్టని కంటితో చూసినాకే నమ్ము. ఇంకోటి, ఆ పాట రికార్డు పెట్టి పిట్టని పిలిచే పని చెయ్యొద్దు. ఇంకో మగది తన జాగాలోకి వచ్చిందనుకుని పిల్లలకి మేత తేవడం మానేసి దాన్ని తరమడానికి తిరుగుతుంది పాపం.

ఇప్పుడు నూకల సంగతి. ఈ పిట్ట గింజ తినేది కాదు, దాని ముక్కు గింజ పగలగొట్టేది కాదు. దీని తిండి అంతా ఈగలు, చిన్న రెక్కల పురుగులు, సన్న పెంకు పురుగులు, చిమ్మెటలు, వానపడినాక లేచే ఉసిళ్ళు, అట్లాంటివి. దగ్గరగా చూస్తే ముక్కు మొదట్లో రెండు పక్కలా మీసాల్లాంటి గట్టి వెంట్రుకలు కనిపిస్తాయి, ఎగిరే పురుగుని నోట పట్టే పిట్టలకి ఉండేవి అవి.

అది ఎట్ల తింటుందో ఒకసారి చూశాక నాకు దీని మీద ప్రేమ పుట్టింది. మామండూరు వైపు ఒక వంక దగ్గర, సాయంత్రం ఆరు దాటింది, అడవిలో మిగతా పిట్టలన్నీ సద్దు మణిగిపోయాయి. నేను బండకి ఆనుకుని కదలకుండా కూర్చున్నా. నా నుంచి ఐదారు బారల దూరంలో కానుగ కొమ్మ, నేల నుంచి నా నడుమంత ఎత్తు, దాని మీద మగ పిట్ట నిటారుగా కూర్చుని ఉంది. తోక ఒక్కసారి అట్ల విదిలించింది, తల వంచి కింద ఎండాకుల వైపు చూస్తా ఉంది. ఆకుల్లోంచి ఏదో సన్నది లేచింది, నాకు కనిపించను కూడా లేదు, ఇది కిందికి జారి నేలకి జానెడు ఎత్తులో టక్ అని పట్టేసింది. ముక్కు మూసుకున్న చప్పుడు వినిపించింది నాకు, నిజంగా. తిరిగొచ్చి పక్క కొమ్మ మీద కూర్చుంది. మళ్ళీ. మళ్ళీ. పావుగంటలో నేను లెక్కపెట్టినవి 11 సార్లు, అందులో 7 సార్లు నేల వైపే దిగింది, పైకి ఎగిరింది తక్కువ. తర్వాత చీకటి పడి నా కళ్ళకి కొమ్మ కూడా ఆనలేదు, అది మాత్రం ఇంకా వేటాడతానే ఉంది, టక్ టక్ అని వినిపిస్తానే ఉంది. ఇంత మసక వెలుతురులో మేసే చిన్న పిట్ట మన అడవిలో అరుదు.

నేల వైపే ఎందుకు దిగుతా ఉంది? అక్కడ రాలిన ఆకులు ఉన్నాయి కాబట్టి. ఇదే నీకు నేను చెప్పాలనుకునే మాట. నీడలో, తడి తగిలే చోట, ఆకులు రాలి ఒకదాని మీద ఒకటి పడి కుళ్ళతా ఉంటే అందులో పుట్టే పురుగులే దీని అన్నం. ఊడ్చి కుప్పపోసి అగ్గిపెట్టామనుకో, మన కంటికి నున్నగా శుభ్రంగా కనిపిస్తుంది, దాని పళ్ళెం మాత్రం బోర్లించేసినట్టే.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మాకూ కొంచెం మామిడి ఉంది, చంద్రగిరి అవతల. మాకూ ఒక కాలవ గట్టు, గట్టు మీద నేరేడు, కానుగ, కింద పొదలు, ఒక జత టికెల్స్ ఏటా ఉండేవి. ఒక ఏడాది ఇంట్లో శుభకార్యం అని, చుట్టాలు తోట చూడ్డానికి వస్తారని, నేనే కూలోళ్ళని పెట్టి ఆ గట్టు మొత్తం కొట్టించాను. పెద్ద చెట్లని ముట్టుకోలేదు, కింద పొదలు, తీగలు, ఆకులు మాత్రమే తీయించి కాల్పించాను. చెట్లు ఉన్నాయి కదా, నీడ ఉంది కదా, పిట్టకేం అనుకున్నాను. వారం రోజుల్లో పాట ఆగిపోయింది. ఆ ఏడాది గూడు లేదు, తర్వాతి ఏడాదీ లేదు. ఆకులు మళ్ళీ పేరుకుని పొదలు నడుం ఎత్తు లేచినాక, మూడో ఏడాది వానలకి మగది ఒకటి వచ్చి పాడింది. ఆ రెండేళ్ళు నేను పొద్దున నీళ్ళు వదలడానికి పోయినప్పుడల్లా ఆ గట్టు వైపు చెవి పెట్టేవాణ్ణి. ఇప్పుడు ఆ గట్టు మీద చీపురు పడనివ్వను.

మీ వంక గురించి ఇంకోటి ఆలోచించు. శేషాచలం కొండలు మొత్తంగా ఎండు అడవి, ఎర్రచందనం పెరిగే రాళ్ళ నేల, ఎండాకాలం వచ్చిందంటే ఆకంతా రాలిపోయి కొండ బోసిగా అయిపోతుంది. తడి, నీడ ఏడాదంతా దొరికేది కోనల్లోనే, తలకోన మాదిరి చోట్ల. 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్ అని, అంటే అడవినీ అందులో జీవుల్నీ కాపాడే ప్రాంతం అని ప్రకటించారు, దాదాపు 4,756 చదరపు కిలోమీటర్లు, వినడానికి శానా పెద్దది, కానీ ఈ పిట్టకి సరిపోయే జాగా అందులో సన్నసన్న పట్టీల్లాగా కోనల వెంట, వంకల వెంట మాత్రమే ఉంటుంది. ఆ వంక కొండ దిగి మీ తోపు దాకా వచ్చింది, దాని గట్టు మీద మద్ది, కానుగ, నేరేడు చెట్ల నీడ తెగకుండా వచ్చింది, ఆ నీడ పట్టుకునే పిట్ట మీ బావి దాకా వచ్చింది. మధ్యలో 100 అడుగులు చదును చేసేస్తే నీకు గట్టు మీద నడవడానికి దారి దొరుకుతుంది, దానికి దారి తెగిపోతుంది.

నీడలో పురుగులు తిని బతికే చిన్న పిట్టలకి ఉష్ణమండలం అడవుల్లో ఎక్కడైనా ఇదే సమస్య. బ్రెజిల్‌లో మనాస్ ఊరి దగ్గర 1979 నుంచి ఒక పెద్ద పరిశీలన నడస్తా ఉంది, అడవిని కొట్టి పశువుల బీళ్ళు చేసేటప్పుడు మధ్యలో 1 హెక్టారు, 10 హెక్టార్లు, 100 హెక్టార్ల ముక్కలు వదిలేసి ఏ జీవులు మిగులుతాయో చూస్తా వచ్చారు. చిన్న ముక్కల్లోంచి మొదట మాయమైపోయినవి అడవి అడుగున నీడలో తిరిగి పురుగులు తినే పిట్టలే. ఎగరగలిగే పిట్టలే, అయినా 80 మీటర్ల ఖాళీ జాగా దాటి పక్క అడవిలోకి పోవడానికి చాలా రకాలు జంకాయి. అక్కడి పిట్టలు వేరు, మన టికెల్స్ వాటికన్నా మొండిది, నీడ బాగుంటే పెద్ద తోటల్లో, ఊరి పక్క తోపుల్లో కూడా సర్దుకుంటుంది, లేకపోతే మీ తోపుకి వచ్చేదే కాదు. కానీ సర్దుకోవడానికి కూడా ఒక హద్దు ఉంటుంది కదా. మన దేశంలో 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ అనే, దేశంలో పిట్టల పరిస్థితి చెప్పే రిపోర్టులో కూడా పురుగుల మీద బతికే పిట్టలు, పండ్లు తేనె మీద బతికేవాటి కన్నా జాస్తి తగ్గిపోతున్నాయని తేలింది. టికెల్స్ ఇప్పటికి అంతరించిపోయే జాబితాలో లేదు, భయపెట్టడానికి చెప్పడం లేదు, మన చేతిలో ఉన్న గట్టు గురించి చెప్తున్నా.

మీ నాయిన వైపు నుంచి కూడా ఆలోచించాను. పొదలుంటే పాములు, పందులు దూరతాయని ఆయన భయం, అది ఊరికే భయపడటం కాదు, రాత్రిపూట మోటారు వెయ్యడానికి పోయేటోళ్ళకి తెలుసు. కాబట్టి మొత్తం వదిలెయ్యమని నేను అనను. బావికీ మోటారు షెడ్డుకీ మధ్య దారి మనిషి నడిచేంత వెడల్పున శుభ్రంగా కొట్టించుకోండి, దీపం వేసుకోండి. వంక గట్టు మీద నీళ్ళ అంచు నుంచి మాత్రం ఒక 15, 20 అడుగుల పట్టీ తోపు పొడుగునా వదిలెయ్యండి. అందులో లాంటానా, అదే బయటి దేశం నుంచి వచ్చి అన్నిటినీ కమ్మేసే ముళ్ళ పొద, అల్లుకుపోయి ఉంటే అది తీసెయ్యాల్సిందే, కానీ ఒక్కసారిగా కాదు, ఈ ఏడాది కొంచెం వచ్చే ఏడాది కొంచెం, చేత్తో, వానాకాలంలో గూళ్ళు అయిపోయినాక. జేసీబీ దిగితే గట్టు మట్టి కూడా కదిలిపోతుంది, అక్టోబరు, నవంబరులో తుఫాను వానలకి వంక పొంగినప్పుడు ఆ వదులు మట్టిని కోసుకుపోయి మీ మామిడి వరస దాకా వస్తుంది. ఈ మాట మీ నాయినకి చెప్పి చూడు, పిట్ట మాట కన్నా ఇది తొందరగా ఎక్కుతుంది ఆయనకి. మామిడి చెట్లకి మాత్రం కొమ్మ కత్తిరింపు చేసుకోండి, అవి గాలి వెలుతురు ఆడేలా ఉండాలి, గుబురుగా వదిలేస్తే పూత టైముకి తేనెమంచు పురుగు, అదే పూత రసం పీల్చేసేది, విపరీతంగా పడుతుంది. నీడ కావాల్సింది గట్టు మీద, తోపులో కాదు.

గూడు గురించి. మనిషి చెయ్యి తగిలితే వాసనకి తల్లి రాదు అనేది మా ఇంట్లో కూడా చెప్పేవాళ్ళు, పిల్లల్ని గూళ్ళకి దూరంగా ఉంచడానికి పెద్దోళ్ళు పెట్టిన మాట అది, ఉద్దేశం మంచిదే, కానీ వాసన వల్ల తల్లి వదిలెయ్యదు. మీ పిల్లోడు ఒకసారి వేలు పెట్టినందుకు ఏమీ కాదు, వాణ్ణి తిట్టొద్దు, గూడు కనిపెట్టే కళ్ళున్నోడు రేపు పిట్టల్ని బాగా గమనించేటోడు అవుతాడు. అసలు ప్రమాదం మాటిమాటికీ పోవడం. మనం పోయిన ప్రతిసారీ తల్లి లేచిపోతుంది, గుడ్లు చల్లబడతాయి, అంతకన్నా ముఖ్యం పైన కొమ్మ మీద కాకి, జెముడుకాకి మనల్ని చూస్తానే ఉంటాయి, మనిషి ఎక్కడ వంగి చూస్తున్నాడో అక్కడ ఏదో ఉందని వాటికి బాగా తెలుసు. మన అడుగుజాడ పట్టుకుని పిల్లి కూడా పోవచ్చు. ఈ పిట్ట గూడు పెట్టేది ఇట్లాంటి చోట్లే, గోడ సందు, గట్టు తొర్ర, రాళ్ళ మధ్య, చెట్టు తొర్ర, లోపల నాచు, సన్న పీచు, వేళ్ళు పరుచుకుంటుంది, 3 నుంచి 5 గుడ్లు. గుడ్డు పెట్టినప్పటి నుంచి పిల్లలు ఎగిరిపోయేదాకా ఇంచుమించు నెల రోజుల పని. ఆ నెల రోజులు బావి దగ్గరికి ఎవరూ పోకుండా చూసుకో. చూడాలనిపిస్తే 40, 50 అడుగుల దూరంలో చెట్టు చాటున కుర్చీ వేసుకుని మీ పిల్లోడితో కలిసి కూర్చో, పొద్దున ఆరున్నర నుంచి ఒక గంట. మేత నోట పెట్టుకుని వచ్చిన పిట్ట నేరుగా సందులోకి పోదు, ముందు ఒక కొమ్మ మీద ఆగి అటూ ఇటూ చూసుకుని అప్పుడు దూరుతుంది. అది ఆ కొమ్మ మీదే ఆగిపోయి లోపలికి పోకుండా టిక్ టిక్ అంటా ఉందంటే మీరు దగ్గరగా ఉన్నారని అర్థం, ఇంకా వెనక్కి జరగండి.

ఫ్లాష్ వెయ్యొద్దు. గూడు బాగా కనపడాలని అడ్డంగా ఉన్న ఆకులు, తీగలు తీసెయ్యొద్దు. గూడుని, గుడ్లని కదిలించడం, పిల్లల్ని పట్టి పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, ఎవరన్నా పక్క తోటోళ్ళు సరదాగా పెంచుకుంటాం అంటే ఆ మాట చెప్పు. చట్టం సంగతి పక్కన పెట్టినా ఆ పిల్ల బతకదు, దానికి పొద్దున నుంచి చీకటి దాకా బతికున్న పురుగులు కావాలి, పాలు బ్రెడ్డు పెట్టి చంపుకోవడమే అవుతుంది. ఈక రాని పిల్ల కింద పడి ఉంటే మెల్లగా తీసి గూట్లో పెట్టెయ్, ఏం కాదు. ఈకలొచ్చి గెంతుతా ఉంటే పక్క పొదలో నీడకి వదిలి వెనక్కి వచ్చెయ్, అమ్మానాయినలు దాని అరుపు పట్టుకుని వచ్చి మేపుతాయి.

గూడు కోసం చెక్క పెట్టె కట్టమంటావా అని కూడా అడిగావు. మంచి ఆలోచనే, కానీ ఆ బావి గోడ సందులు దానికి ఆల్రెడీ నచ్చాయి కదా, అవే చాలు. బావికి సిమెంటు పూత పూయించే పని పెట్టుకోకు, పిల్లలు పడతారని భయంగా ఉంటే పైన కమ్మీల జాలీ వేయించు, గోడ రాళ్ళని అట్లే ఉండనీ.

ఇంక మందు. పండు ఈగకి ఇప్పుడు, కోత దగ్గరికి వచ్చినాక చెట్టంతా మందు కొట్టడం నీకే నష్టం, కాయలో మందు మిగిలిపోతుంది. దానికి మిథైల్ యూజినాల్ అనే, మగ ఈగల్ని వాసనతో లాగే మందు పెట్టిన బుట్టలు, అదే పండు ఈగ ట్రాపులు, కొమ్మలకి వేలాడదీస్తే మగ ఈగలు అందులో పడి చస్తాయి, ఎకరాకి ఎన్ని పెట్టాలో మీ మండలం హార్టికల్చర్ ఆఫీసులో అడుగు. దాంతో పాటు రాలిన కాయల్ని రోజూ ఏరి లోతుగా గుంట తీసి పూడ్చాలి, ఎందుకంటే రాలిన కాయలోని పురుగు మట్టిలోకి దిగి అక్కడే ఈగగా మారి మళ్ళీ పైకి వస్తుంది. చాలామంది ట్రాపులు పెడతారు, రాలిన కాయలు వదిలేస్తారు, తర్వాత ట్రాపులు పనిచెయ్యలేదంటారు. గమనించు, కాయలు ఏరాలి, ఆకులు ఏరక్కర్లేదు.

పూత టైములో తేనెమంచు పురుగుకి మందు తప్పదు, నేనూ కొడతా, కొట్టకపోతే పూత నల్లబడి రాలిపోతుంది. కానీ వంక వైపు చివరి వరస చెట్లకి కొట్టేటప్పుడు గాలి ఎటు వీస్తోందో చూసుకుని, గట్టు మీదికి తుంపర పోకుండా కొట్టండి. మామిడి పూతకి కాయ కట్టించేది ఎక్కువగా ఈగల జాతి పురుగులే, పూలు బాగా విచ్చుకున్నప్పుడు కొడితే అవి కూడా పోతాయి. డ్రమ్ములు, స్ప్రేయర్లు వంకలో కడగడం మాత్రం వద్దే వద్దు. ఈ పిట్ట వల్ల మీ తోపులో పురుగు పట్టడం తగ్గిపోతుందని కొందరు ఊదరగొడతారు, నేను అట్ల చెప్పను, ఒక జత పిట్టలు 4 ఎకరాల పురుగుని ఆపలేవు. అది ఉంటే లాభమా అని లెక్క వేసుకోవాల్సిన అవసరం నాకైతే కనపడదు. మాపటేళ మోటారు ఆపినాక ఆ గజ్జెల పాట వినిపిస్తే చాలు నాకు.

ఏదో ఒకటి పెట్టాలని నీ మనసు లాగుతా ఉంటే నీళ్ళు పెట్టు. ఎండాకాలం వంక ఎండిపోయినప్పుడు అదే పెద్ద సాయం. పెద్ద మట్టి మూకుడు, లోతు రెండు వేళ్ళకి మించకూడదు, మధ్యలో గరుకు రాయి ఒకటి, పొద పక్కన నీడలో పెట్టు, కానీ పొద లోపల మాత్రం వద్దు, పిల్లి మాటు వేస్తుంది. రెండు రోజులకోసారి నీళ్ళు పారబోసి రుద్ది కడుగు, లేకపోతే దోమలు పెరుగుతాయి. మా ఇంట్లో పెట్టిన మూకుడుకి పగలంతా పిగిలి పిట్టలు వస్తాయి, అవన్నీ పోయినాక, దీపాలు పెట్టే వేళకి, టికెల్స్ వచ్చి రాయి అంచున నిలబడి మూడుసార్లు మునిగి లేచి కొమ్మ మీద రెక్కలు విదిలించుకుంటుంది.

ఇది చదివి చూడాలనిపించిన వాళ్ళకి ఒక మాట, తమ్ముడి తోపుకి పోకండి, పిట్ట గూడు మీద ఉంది. తలకోనలో జలపాతం దారిలో పొద్దున్నే, జనం రాకముందు, నీడగా ఉన్న వంక దగ్గర పావుగంట ఊరికే నిలబడండి. తిరుమల నడకదారుల పక్కన కూడా వినిపిస్తుంది, కానీ అక్కడ చిరుతలు తిరుగుతున్నాయి, 2023లో అలిపిరి దారిలో చిరుత దాడిలో ఒక పాప చనిపోయింది, కాబట్టి దేవస్థానం వాళ్ళు చెప్పిన వేళల్లో, గుంపుగా పోండి, పిట్ట కోసం మెట్ల దారి వదిలి అడవిలోకి దిగొద్దు. అదృష్టం బాగుంటే టికెల్స్ ఉన్న చోటే తెల్లటి పొడుగు తోకతో తోక పిగిలి పిట్ట మగది కూడా కనపడుతుంది, అదీ పురుగులు తినేదే, అదీ నీడ కావాలనేదే.

తమ్ముడూ, ఇంకో మూడు వారాలకి బావి దగ్గర హడావిడి తగ్గుతుంది చూడు. అప్పుడు గట్టు మీద పొదల్లో గోధుమ రంగు ఒళ్ళంతా చుక్కలతో, రెక్కల్లో తోకలో మాత్రం కొంచెం నీలం తొంగిచూస్తా, కొత్త పిల్లలు కనిపిస్తాయి, అవి వేరే పిట్టలని పొరబడకు. ఎన్ని ఉన్నాయో మీ పిల్లోణ్ణే లెక్కపెట్టమని చెప్పి ఇక్కడ రాయి, నేను ఎదురుచూస్తా ఉంటా.